పుల్డ్ త్రూ అంటే

మొన్న మా మనుమరాలు పరీక్షకు చదువుకుంటూ, ఇంగ్లీషులో ‘పుల్ త్రూ’ అంటే ఏమిటని అడిగింది. గండం గడిచి బతికి బయటపడటమని వెంటనే చెప్పాను గానీ, ఆ రెండు మాటల అర్థం నేను పుస్తకంలో నేర్చుకున్నది కాదు.

అరవయ్యో దశకం మొదట్లో కల్వకుర్తి దగ్గరి ఒక పల్లెలో నాకు బడిపంతులుగా కొత్త ఉద్యోగం. గొర్లు పెంచుకునే ఒక కుటుంబం వారింట్లో చిన్న అర్ర కిరాయికి తీసుకుని, ఇంటావిడను అక్కా అనీ ఆమె భర్తను బావా అనీ పిలుస్తూ ఉండేవాణ్ణి. ఊళ్లో ఇంగ్లీషు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక, నా మాటకు ఉండవలసినదానికంటే ఎక్కువ విలువుండేది.

ఆ వానాకాలం బావకు కడుపులో పుండు పగిలితే, ఆయన తమ్ముడు పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. ఆరో రోజు పొద్దున, అతను అక్కడెవరితోనో రాయించి పంపిన తంతి వచ్చింది. ‘బ్రదర్ పుల్డ్ త్రూ, కమ్’ అని, అంతే. పుల్ అంటే లాగడమని తెలుసు; ప్రాణం లాక్కుపోవడమే కాబోలనుకున్నాను. తెలియదని ఒప్పుకోవడానికి నా ఇరవై రెండేళ్ల వయసు అడ్డొచ్చింది.

“చెప్పు తమ్మీ, ఉన్నడా?” అంది అక్క.

తల అడ్డంగా ఊపాను. ఆమె రెండు చేతులూ గడపకేసి కొట్టుకుంటే గాజులన్నీ పలిగిపోయాయి.

ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతున్న మనిషిని బస్సులో పట్నం తీసుకుపోయి, శవాన్ని ఎక్కడుంచారని అడగబోతూ వార్డులోకి చూద్దును కదా, బావ గోడకానుకుని గంజి తాగుతున్నాడు. అక్క పోయి ఆయన కాళ్లు పట్టుకుంది. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.

బావ ఆమె చేతులు చూసి, “గాజులేవే?” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. “బస్సుల మస్తు మంది ఉండె, ఒత్తుకు పలిగినయి. నువ్వు తాగు జర.”

ఆ తర్వాత ఆమె ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు. నేను మాత్రం ఆ వారమే జడ్చర్ల వెళ్లి నిఘంటువు కొన్నాను. ఇంగ్లీషు క్రియకు పక్కన చిన్న మాట చేరితే అర్థమే మారిపోతుందని ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు చెప్పాను, తెలియనప్పుడు తెలియదనమనీ చెప్పాను.

ఇప్పుడు ఏ మాటకు అర్థం కావాలన్నా అరచేతిలోనే దొరుకుతుంది, మంచిదే. ఎదుటివాడు చేసిన అంత పెద్ద తప్పును బస్సు మీదికి నెట్టేసి ఊరుకునే మనుషులే, ఎక్కడైనా ఉన్నారేమో గానీ, నాకు కనబడటం లేదు.