పోచమ్మకంటే ముందు తీసిన గిన్నె

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరసలో లింగవ్వ నోటికి జడవనివాళ్లు లేరు. ఆమె నల్లా దగ్గరికి వస్తుంటేనే ఆడవాళ్లం బిందెలు పక్కకు జరుపుకునేవాళ్లం. ఆమె భర్త పోశం బొగ్గు బాయిలో కార్మికుడు. ఆదివారమైతే వాళ్లింట్లో కల్లు, కోడికూర, వాడంతా వినబడే టీవీ.

గోడకు అవతల సుగుణమణి కాపురం. భర్త సామ్యేల్ మా చర్చిలో సంఘ పెద్ద. తెల్లవారకముందే పాట, ప్రార్థన, పొద్దుగూకితే చప్పుడుండదు. ఈ రెండిళ్లూ ఉప్పూ నిప్పూ అని మేమంతా తీర్మానించుకున్నాం. తీరా సుగుణమణికి జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయింది లింగవ్వే, దారి పొడుగునా తిడుతూ.

చిక్కల్లా తిండి దగ్గరే. శ్రావణంలో పోచమ్మకు బోనం చేసి లింగవ్వ వరసంతా పంచేది. విగ్రహాలకు అర్పించింది మేం తినం. నేను మొహం మీదే వద్దనేదాన్ని. సుగుణమణి కాదనలేక తీసుకుని మూత తీయకుండా పక్కన పెట్టేది. ఒకసారి అది లింగవ్వ కంట పడింది. ఇక చూడాలి తమాషా అనుకున్నాను. ఆమె నవ్వేసింది.

"ముందుగాల్నే చెప్పద్దా అక్కా? నా దగ్గర గింత మొగమాటమేంది?"

మరుసటి ఏడు అన్నం ఉడకగానే, బోనం కుండకు ఎత్తకముందే, ఒక గిన్నె నింపి గోడ మీదినుంచి అందించింది. "ఇంకా అమ్మకు పెట్టలే. ఫికర్ లేకుండ తిను."

అమ్మవారికి పెట్టకముందు అందులో మెతుకు తీయకూడదని వాళ్ల కట్టుబాటు. తీస్తే బోనం ఎంగిలైనట్టే. సుగుణమణికి ఆ సంగతి తెలియదు. లింగవ్వకు తెలుసు. తెలిసే తీసింది.

ఆ వారంలోనే బాయిలో బండ కూలి పోశం చనిపోయాడు.

దినాలనాడు ఆడబిడ్డ లస్మవ్వ అందరి ముందూ అందుకుంది. బోనాలనాడు ఆమె కూడా ఆ వంటింట్లోనే ఉంది.

"పోచవ్వకన్న ముందు పక్కింటోళ్లకు పెట్టినవ్ గదనే! ఎంగిలి బోనమెత్తితే అమ్మ ఊకుంటదా? నా తమ్ముణ్ని మింగింది."

గడపలో నిలబడ్డ సుగుణమణి చెవిన ఆ మాట పడింది. లింగవ్వ లస్మవ్వను చీల్చి చెండాడుతుందని చూశాను. ఆమె తలవంచుకుంది. ఆ మాట నమ్మిందని అప్పుడు అర్థమైంది.

తండ్రి ఉద్యోగం కొడుకు రఘుపతికి వచ్చింది. వాడు షిఫ్టుకు వెళ్లి తిరిగొచ్చేదాకా లింగవ్వ వాకిలి వదిలేది కాదు. సుగుణమణి పలకరిస్తే సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్లిపోయేది. కోపంతో కాదు. ఆమెతో మాట్లాడితే అమ్మవారు కొడుకును కూడా తీసుకుపోతుందని భయం. వరసంతా జడిసిన ఆ నోరు అలా మూతపడింది.

మళ్లీ శ్రావణం వచ్చింది. లింగవ్వ ఒక్క మెతుకూ తీయకుండా బోనమెత్తి, పోచమ్మకు పెట్టి ఇంటికొచ్చింది. సుగుణమణి గిన్నె పట్టుకుని వాళ్ల వాకిట్లోకి నడిచింది.

"నాకింత పెట్టు చెల్లె."

"ఇది అమ్మకు పెట్టింది. నువ్ తినవు."

"పెట్టినంకనే అడుగుతున్న. జల్ది పెట్టు, ఆకలైతంది."

లింగవ్వ వడ్డించింది. సుగుణమణి అందరం చూస్తుండగా గడప మీద కూర్చుని గిన్నె ఖాళీ చేసింది.

"అక్కా, నా పోశంను నేనే సంపుకున్ననే!" అంటూ లింగవ్వ ఆమె ఒళ్లో పడి ఏడ్చింది.

"కాదే. నువ్ నాకు బువ్వ పెట్టినవ్. గంతే."

ఏడ్చి ఏడ్చి లింగవ్వ తలెత్తింది. "మరి మీ దేవుడు నిన్నేమనడా?"

"అది నేను సూసుకుంట" అని సుగుణమణి చెయ్యి కడుక్కుంది.

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అందరికీ రొట్టె పంచే రోజు. విగ్రహాలకు పెట్టింది తిన్నవాళ్లు ఆ రొట్టె ముట్టకూడదని మా కట్టుబాటు. నేను సుగుణమణి పక్కనే ఉన్నాను. సామ్యేల్ రొట్టె పళ్లెం పట్టుకుని వరసల వెంట వస్తున్నాడు. పెళ్లయిన నాటినుంచి ఆమె ఆ రొట్టె ఒక్కసారి కూడా మానలేదు. పళ్లెం ఎదురుగా ఆగినా ఆమె చేయి చాచలేదు. కొంగు తలమీదికి లాక్కుని, "నాకద్దు. నేను పోచమ్మది తిన్న" అంది మెల్లగా. సామ్యేల్ కళ్లనిండా నీళ్లతో పళ్లెం నా ముందుకు జరిపాడు.