కారుకు పోసిన ఆముదం

మా ఆయన తన వాటాకు వచ్చిన గొర్రెలన్నీ అమ్మేసి కారు కొన్నాడు. అప్పటికే అది ఎన్నో చేతులు మారిన పాత కారు. యుద్ధం రోజులు కావడంతో పెట్రోలుకు కూపన్లు ఉండేవి. మార్కాపురం స్టేషనులో దిగినవాళ్లను ఊళ్లోకి చేర్చడం, పెళ్లిళ్లకు బాడుగకు తిప్పడం అతని పని. ఆ బతుకు మీదే మార్కాపురంలో ఒక గది తీసుకుని కాపురం పెట్టాం. గది చిన్నదే, పైగా వానకు కురిసేది, కానీ పొయ్యి నాది. పెద్దారవీడు దగ్గర మా అత్తగారి ఊళ్లో ఉన్నన్నాళ్లూ మజ్జిగ చిలకడానికి కూడా మా బావగారి మాట కావలసి వచ్చేది. ఆయన చెడ్డ మనిషి కాదు. అయినా ఆ ఇంట్లో నాకు ఊపిరాడేది కాదు. కారు ఆగితే మళ్లీ ఆ ఇంటికే పోవాలని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కంభం దారిలో ఒకనాడు ఎదురుగా వస్తున్న బండి ఎద్దులు బెదిరి అడ్డం తిరిగాయట. బండి నొగ కారు ముందుభాగానికి తగిలింది. మా ఆయన తప్పించబోయి రోడ్డు దిగి, ఒక రాయి మీదికి ఎక్కించాడు. మనుషులకు, ఎద్దులకు ఏమీ కాలేదు. బండివాడు నాలుగు తిట్లు తిట్టి, నాలుగు తిని వెళ్లిపోయాడు. గండం గడిచిందని దిష్టి తీసి గుమ్మడికాయ కూడా కొట్టించాను.

మర్నాటి నుంచి చప్పుడు మొదలైంది. మొదట ముందువైపు గరగరమనేది. బియ్యం మిల్లులో ఇంజను చూసే మేస్త్రీ వచ్చి, వంగిన ఫ్యాను రెక్కను సరిచేస్తే అది పోయింది. అది పోయాక దాని వెనక దాక్కున్న ఇంకో చప్పుడు బయటపడింది. అడుగు నుంచి టకటకా ఎవరో సుత్తితో కొడుతున్నట్టు. మా ఆయన తన పాత గొర్రెల కర్ర తెచ్చి, ఒక కొస ఇంజనుకు, ఇంకో కొస చెవికి ఆనించి వినేవాడు. నన్ను కూడా పిలిచి వినమనేవాడు. నాకు ఎక్కడ ఆనించినా ఒకటే టకటక. "ఈడ ఎక్కువ, ఆడ తక్కువ, నీకు తెలీడం లేదా?" అని నా మీద విసుక్కునేవాడు. తెలిస్తే నేనే మేస్త్రీ అయ్యేదాన్ని కదా!

మేస్త్రీ మళ్లీ వచ్చి కారు కిందికి దూరి చూశాడు. "రాయి తగిలి నూనె తొట్టి సొట్టపోయింది అబ్బీ. లోపల ఏమైందో ఇప్పితే గాని తెలీదు. ఇప్పినాక అరిగిన ముక్క మద్రాసు నుంచి రావాల. ఈ యుద్ధంలో అది వచ్చేదీ లేదు, నేను మళ్లీ బిగించేదీ లేదు" అన్నాడు.

ఆ రోజంతా మా ఆయన అన్నం ముట్టలేదు. సాయంత్రం లేచి, "ఎద్దు కడుపునొప్పితో మూలిగితే కడుపు కోస్తామా? ఆముదం పోస్తాం" అన్నాడు.

"ఇది ఎద్దా ఏందయ్యా?"

"ఎద్దు కాకుంటే ఏందే? మేత పెడితే నడుస్తాది, పెట్టకుంటే పండుకుంటాది."

గొర్రెల్లో, గొడ్లలో పుట్టి పెరిగిన మనిషి. అంతకన్నా నమ్మకమైన మందు అతనికి తెలియదు. గానుగ నుంచి ఆముదం తెచ్చి, తొట్టిలో మిగిలిన నూనె మీదే పోశాడు. పోసేటప్పుడు ఇంజను మీద చెయ్యి వేసి నిమిరాడు కూడా.

నిజంగానే చప్పుడు తగ్గింది! గదంతా, బట్టలన్నీ ఆముదం కంపు కొట్టినా నాకు పండగలా అనిపించింది. రెండు నూనెలూ కలవవని, కొన్నాళ్లకు చిక్కబడి బంక కడతాయని తరువాత చాలామంది చెప్పారు. అయిపోయాక చెప్పేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట.

నయమైన కారును అన్నకు చూపించాలని అతనికి కోరిక పుట్టింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. ఊరు కనబడేంత దూరంలో ఉండగా మాడిన వాసన వచ్చింది. టకటక మళ్లీ మొదలై, దడదడగా మారి, ఠంగుమని ఏదో విరిగినట్టయి, కారు ఆగిపోయింది. దిగి ముందుకెళ్లి, ఇంజను తిప్పే హ్యాండిలు పట్టుకుని తిప్పాడు. కదల్లేదు. ఒళ్లంతా బరువు వేసి వేలాడాడు. కదల్లేదు. మూత తీసి చూస్తే నూనె తుమ్మబంకలా నల్లగా పేరుకుని ఉంది. అతను రోడ్డు మీదే కూలబడ్డాడు. నాకు అతని మీద జాలి కలగాలి. కలగలేదు. నా గది, నా పొయ్యి పోయాయని గుండె పగిలేలా ఏడ్చాను.

చేలో నుంచి మా బావగారు చూసి, ఎద్దులు తోలుకుని వచ్చారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. తిట్టి ఉంటే బాగుండేది, పోట్లాడుకునేవాళ్లం. కారుకు మోకు కట్టి, "నువ్వు స్టీరింగు పట్టుకోరా, పక్కకు పోతాది" అన్నారు. మా ఆయన ఎక్కి కూర్చున్నాడు. ఎద్దుల వెనకే ఊళ్లోకి పోయాం.

ఇంటి ముందు కారు నిలిపాక బావగారు కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చారు. పొయ్యి దగ్గరున్న నా తోడికోడలితో మెల్లగా, నాకు వినబడకూడదన్నట్టుగా అన్నారు.

"రేపటి నుంచి ఇంకిద్దరికి ఎక్కువ సంగటి చెయ్యి."

ఆమె నా మొహం చూడకుండా కొంచెం జరిగి, పొయ్యి ముందు నాకు చోటిచ్చింది. నేను వెళ్లి కూర్చున్నాను.