అయిదో నంబరు సీసా

యలమంద గారు కారం చల్లకుండా తినే పదార్థం ఇంకా పుట్టలేదు. పెరుగన్నంలో కారం, పుచ్చకాయ ముక్క మీద కారం, ఐస్‌క్రీమ్ మీద కారం. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న డబ్బా, అందులో సొంత పొలంలో పండిన తేజ మిరపకాయల పొడి. తను తిని ఊరుకుంటే ఎవరికీ పేచీ లేదు. ఎదుటివాడు చప్పిడి తిండి తింటుంటే ఆయన కడుపు తరుక్కుపోతుంది. అడక్కుండానే వాడి విస్తట్లో ఇంత చల్లుతారు. ఆయన లెక్కలో అది దయ. పర్చూరు జనం దాన్ని ఏమంటారో ఆయన భార్య వెంకటరావమ్మకు బాగా తెలుసు, ఎందుకంటే తర్వాత వాళ్ళందరికీ మజ్జిగ అందించేది ఆవిడే.

కూతురు బిందుమాధవి నిశ్చితార్థం నాడు వియ్యాలవారి బంతిలో పాయసం మీద కూడా చల్లారు. వియ్యంకుడి కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి. కొడుకు ఓ ఇంటివాడవుతున్నాడని పొంగిపోతున్నాడు కాబోలనుకుని బంధువులంతా ఆయన భుజం తట్టారు. ఆయన నోరు తెరవలేకపోవడం వల్ల సంబంధం నిలిచింది.

ఓసారి కడుపులో మంటని గుంటూరు వెళ్ళి నోట్లోంచి గొట్టం వేయించి చూపించుకొచ్చారు. కారం మానకపోతే కష్టమని డాక్టరు గట్టిగానే చెప్పాడట. ఇంకేమన్నాడని వెంకటరావమ్మ అడిగింది.

“పాపం, మంచివాడే. క్యారేజీలో ఉడకబెట్టిన బీరకాయ తప్ప ఏం లేదు. నా డబ్బా ఆయనకిచ్చేసి వచ్చా.”

అలాంటి ఇంట్లో వైన్ రుచి చూసే పార్టీ పెడతానన్నాడు అల్లుడు చైతన్యకృష్ణ. బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ, సరదాకి రెండు నెలలు ఆ రుచుల చదువు కూడా చదివాడు. నాలుగు సీసాలు వెంట తెచ్చాడు. సీసాలకు కాగితం చుట్టి నంబర్లు వేస్తారట, ఒక్కో గుక్క నోట్లో తిప్పి మార్కులేస్తారట, మధ్యలో నాలుక శుభ్రపడటానికి చప్పటి బిస్కెట్లు తింటారట. తాగింది ఉమ్మెయ్యొచ్చు కూడా అన్నాక వెంకటరావమ్మ ఒప్పుకుంది. అయినా వీధివైపు కిటికీలన్నీ మూయించింది. బిందుమాధవి తండ్రి చేత తన నెత్తిన చెయ్యి పెట్టించి, ఆ ఒక్క సాయంత్రం కారం జోలికి పోనని ఒట్టేయించుకుంది. డబ్బా బీరువాలోకి, తాళంచెవి వెంకటరావమ్మ బొడ్లోకి వెళ్ళాయి.

ఈ కబురు ఎదురింటి సంజీవరావు మాస్టారి చెవిన పడింది. మాస్టారు హెడ్మాస్టరుగా రిటైరై రెండేళ్ళయింది. గులాబీలు వేస్తే ఎండిపోయాయి, హార్మోనియం పట్టుకుంటే పక్కింటివాళ్ళు ఇల్లు మారిపోయారు. ఆర్నెల్లు గోడవైపు తిరిగి కుర్చీలో కూర్చున్నారు. ఈమధ్యే ద్రాక్షపళ్ళూ చక్కెరా జాడీలో వేసి వైన్ పెట్టారు. బళ్ళో పిల్లల్ని చూసుకున్నట్టు పూటకోసారి మూత తీసి పరామర్శించారు. ఇప్పుడా వైన్ కూడా పరీక్షకు కూర్చోవాలని ఆయన కోరిక. పేరు మాత్రం మార్కులు పడ్డాకే చెప్పాలి.

పొద్దున్నే సీసా తెచ్చిచ్చిన ఆయన భార్య క్రిస్టీనా గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించింది.

“జాడీ పెట్టాక కాస్త మనిషయ్యారు వదినా. ఇది కూడా తప్పిందంటే మళ్ళీ ఆ కుర్చీలోంచి లేవరు.”

వెంకటరావమ్మకు గుబులు పట్టుకుంది. అల్లుడు ఉన్నదున్నట్టు మొహమ్మీదే చెప్పే రకం. పెళ్ళయిన మూడోనాడే అత్తగారి పులిహోరకు పదికి నాలుగేశాడు. అయినా మాస్టారి సీసాకు కాగితం చుట్టి అయిదో నంబరు వేసింది.

మధ్యాహ్నం యలమంద గారు పొలం పాసుపుస్తకం కావాలని బీరువా తాళం అడిగితే ఇచ్చింది. తర్వాత బజ్జీల మిరపకాయల్లో వాముపొడి తనే కూరతానని వంటింట్లోకి వచ్చారు. ముప్ఫై అయిదేళ్ళలో అది మొదటిసారి. మురిసిపోయింది గానీ అనుమానించలేదు.

సాయంత్రం అందరూ చేరారు. అల్లుడు బిస్కెట్ల పళ్ళెం తీసేలోపు యలమంద గారు బజ్జీల పళ్ళెం పట్టుకొచ్చారు. బిస్కెట్లతో నాలుక ఏం శుభ్రపడుతుందని అల్లుడికి రెండు, మిగతావాళ్ళకు తలా ఒకటి పెట్టారు. కొరికిన మరుక్షణం అందరి నోళ్ళూ మండిపోయాయి. క్రిస్టీనా కొంగుతో విసురుకుంది. బిందుమాధవి తండ్రి వైపు చూసిన చూపుకి మామూలు మనిషైతే లేచి బయటికి పోయేవాడు. చైతన్యకృష్ణ చెవులు ఎర్రబడ్డాయి. మొదటి సీసా గడగడా తాగాడు. ఉమ్మెయ్యడమన్నది ఎవరికీ గుర్తే రాలేదు. నాలుగు సీసాలూ మంచినీళ్ళలా ఉన్నాయని రెండేసి మార్కులేశాడు. అయిదోది నోట్లో పోసుకోగానే ఉలిక్కిపడి కళ్ళు తుడుచుకున్నాడు.

“ఇదీ వైనంటే. దీనికి బలముంది. పదికి తొమ్మిది.”

మాస్టారు లేచి నిలబడ్డారు. అది తనదేనని మూడుసార్లు చెప్పి, చొక్కా గుండీలు సవరించుకున్నారు. ఇంటికి వెళ్ళేటప్పుడు నడకలో హెడ్మాస్టరు తిరిగొచ్చాడు.

అందరూ వెళ్ళాక మొగుణ్ణి కడిగేద్దామని కొంగు బిగించిన వెంకటరావమ్మ, అయిదో సీసాలో మిగిలిన గుక్క నోట్లో వేసుకుని సింకు దగ్గరికి పరిగెత్తింది. అచ్చమైన వెనిగర్. కాలిపోయిన అల్లుడి నాలుకకి తగిలింది ఆ పులుపొక్కటే. మూతి తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది.

“మీకు ముందే తెలుసా?”

“పొద్దున ఓ చెంచా వేసుకున్నా. పళ్ళు జివ్వుమన్నాయి. మాస్టారు మళ్ళీ గోడకేసి తిరిగితే ఎట్టా చెప్పు?”

“కూతురి నెత్తిన ఒట్టేశారు కదండీ.”

“దాని నెత్తికేం కాలేదుగా. అయిందేదో నాలుక్కే అయింది.”

ఇన్నేళ్ళుగా ఈ మనిషితో వేగలేక చస్తున్న వెంకటరావమ్మకు అప్పుడు మొగుడు నిజంగా ముద్దొచ్చాడు. ఏదో అనబోయేలోగా సంజీవరావు మాస్టారు రెండు లీటర్ల సీసా చంకనబెట్టుకుని లోపలికి వచ్చారు. యలమంద గారు వడ్డించే హడావుడిలో రుచే చూడలేదని గమనించారట. స్వయంగా గ్లాసు నింపి చేతికిచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. యలమంద గారు భార్య వైపు ఓసారి దీనంగా చూసి, కళ్ళు మూసుకుని మొత్తం తాగేశారు. చాలా బాగుందన్నారు. ఆ మాట పూర్తయ్యేసరికి రెండు కళ్ళూ నిండిపోయాయి.

వెంకటరావమ్మ ఖాళీ గ్లాసు అందుకుని మాస్టారి ముందు పెట్టింది.

“ఇంకోటి పొయ్యండి మాస్టారూ. ఈయనకి మొహమాటం ఎక్కువ, నోరు తెరిచి అడగరు.”

మాస్టారు అంచుదాకా పోశారు.