పడవ నూనె రాసిన చిన్న గరిటె

విజయనగరంలో కర్రీ పాయింట్ నడిపే మా చెల్లెలు ఆరు కర్ర గరిటెలు కావాలంది. భోగాపురం అవతల, సముద్రం ఒడ్డున ఒక పల్లెలో సింహాచలం అనే పడవల వడ్రంగి ఉన్నాడు. ఫైబర్ పడవలు వచ్చి చెక్క పడవల పని తగ్గినప్పుడు ఆయన గురించి ఒక వార్త రాశాను. ఇప్పుడు మిగిలిన చెక్కతో గరిటెలు చేస్తున్నాడు. ఆ ఆరూ ఆయననే చేయమన్నాను. మంగళవారం సాయంత్రం ఫోన్ చేస్తే పని అయిపోయిందన్నాడు. "నూనె కూడా రాసేసినాను బాబూ. పడవకి రాసేదే. ఉప్పునీటికే ఏమీ అవ్వదు, మీ సాంబారు ఏటి సేస్తాది?" అని నవ్వాడు. పడవలకు రాసేది జీడిపిక్కల తొక్క నుంచి తీసే నల్లటి నూనె. చెక్కకు పురుగు పట్టనివ్వదు కానీ, ఒంటికి తగిలితే బొబ్బలు లేపుతుంది. ఆ సంగతి చెప్పేలోపే లైన్ కట్ అయింది. రాత్రి దాకా ప్రయత్నించినా కలవలేదు.

బుధవారం ఉదయం ఏడుంబావుకి విజయనగరంలో బస్సు ఎక్కాను. భోగాపురానికి సుమారు గంట ప్రయాణం, టికెట్ నలభై రూపాయలు. అక్కడి నుంచి పల్లెకు షేర్ ఆటోలున్నాయి కానీ నిండితేగాని కదలవు. ఆగలేక నూటయాభైకి ఒక ఆటో మాట్లాడుకున్నాను. "ఎయిర్‌పోర్ట్ పనికా బాబూ?" అన్నాడు డ్రైవర్. గరిటెల కోసం అన్నాను. "గరిటెలకి ఆటో కట్టించుకున్నోడిని ఇదే సూడ్డం" అని గేరు మార్చాడు.

తొమ్మిది కాకముందే చేరాను. పాక ముందు బల్ల మీద ఆరు గరిటెలు నల్లగా నిగనిగలాడుతూ ఎండుతున్నాయి. బాడిసతో చెక్క చెక్కుతున్న సింహాచలానికి నూనె సంగతి చెప్పాను. ఆయన అరచేతులు చాపి చూపించాడు. "నలభై ఏళ్లుగా పూస్తన్నాను. నా సేతులకి ఏటైనా అయ్యిందా?" ఆ చేతుల చర్మం బూటు తోలంత మందంగా ఉంది. అందరి చేతులూ అలా ఉండవన్నాను. ఆయన బాడిస కింద పెట్టేశాడు.

"బాబూ, మా మనవరాలికి సిన్న గరిటె సేసినాను. అదే నూనె. నిన్ననే ఇచ్చినాను."

పాపకు ఏడో నెల. అప్పుడప్పుడే మెత్తటి అన్నం అలవాటు చేస్తున్నారు. కూతురు పైడి ఇల్లు మూడు వీధుల అవతల. సింహాచలం చెప్పులు కూడా వేసుకోకుండా బయలుదేరాడు. వెనక నేను.

పైడి గుమ్మంలో కూర్చుని ఉంది. ఒడిలో పాప, పక్కన గిన్నెలో అన్నం.

"ఆ గరిటె ఏదే? నోట్లో పెట్టినావేటే?"

"ఏటయ్యింది నాన్నా, అలా వగురుస్తన్నావు? అదిగో." దేవుడి గూటివైపు గడ్డంతో చూపించింది. చిన్న గరిటె అక్కడ పసుపు బొట్టుతో ఉంది. "కొత్త గరిటె మంగళారం, బుధారం వాడతామేటి? రేపు లక్ష్మివారం పరవన్నంలో పెట్టి అప్పుడు వాడమంది అమ్మ. ఇయ్యన్నీ ఏటి, ఇప్పుడే తినిపించీ అని నిన్న నువ్వే గదా నన్ను తిట్టినావు."

సింహాచలం అరుగు మీద కూలబడ్డాడు. "తిట్టినాను. నువ్వు నా మాట ఇన్లేదు. మంచి పని సేసినావు."

"ఎప్పుడు ఇన్నాను గనక" అంది పైడి, పాపకు వేలితో అన్నం పెడుతూ.

పాకకు తిరిగొచ్చాక సింహాచలం, పాప గరిటెతో కలిపి ఏడింటినీ తీగతో కట్టి పడవ నూనె డబ్బా పక్కన వేలాడదీశాడు. ఇకమీదట అవి ఆ నూనె కలపడానికే. నేను ముందు రాత్రే విజయనగరం గానుగలో కొన్న రెండు సీసాలు వెంట తీసుకెళ్లాను, నువ్వుల నూనె, అవిసె నూనె. నువ్వుల నూనె ఆరదు, చెక్కలోనే ఉండి కొన్నాళ్లకు కంపు కొడుతుంది. అవిసె నూనె పలచగా రాసి తుడిచేస్తే రోజుల మీద గట్టిపడుతుంది. అయితే పెయింట్ల దుకాణంలో దొరికే అవిసె నూనెలో త్వరగా ఆరడానికి రసాయనాలు కలుపుతారు, అది వంటగదికి పనికిరాదు. రెండూ వేర్వేరు చెక్క ముక్కలకు రాసి, వేలితో తడిమి చూసి, సింహాచలం అవిసె నూనె సీసా దగ్గర పెట్టుకున్నాడు. "కొత్తవి ఆరు సేసి, ఇది రాసి, పది రోజులు ఆరబెట్టి ఫోన్ సేస్తాను. ఈసారి ఫోన్ కట్ అయితే నేనే వస్తాను."

పాపకు మాత్రం ముప్పావు గంటలో పనస చెక్కతో ఇంకో చిన్న గరిటె చేశాడు. ఉప్పుకాగితంతో నునుపుగా రుద్ది ఆపేశాడు. దానికి ఏ నూనే వద్దని పైడి ముందే చెప్పేసింది.

మధ్యాహ్నం బస్సులో లెక్క వేసుకుంటే, నేను కంగారుపడి వచ్చింది ఆరు గరిటెల కోసం. అసలు ప్రమాదం ఏడోదానిలో ఉంది, అది ఉందని కూడా నాకు తెలియదు. నేను ఎంత తొందరపడినా ఒక రోజు ఆలస్యంగానే చేరాను. ఆ రోజంతా పాపను కాపాడింది లక్ష్మివారం దాకా ఆగిన వాళ్లమ్మ.

మీరు ఎక్కడ కర్ర గరిటె కొన్నా ఏ నూనె రాశారో అడగండి. సరైన జవాబు రాకపోతే నూనె రాయనిదే తీసుకుని, గానుగ అవిసె నూనె ఇంట్లో మీరే రాసుకోండి.