సాంచెల మోతలో నిద్రపోయే తాత

మా పక్కగది తాత పోయారని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. ఫోన్ చేసినామె శవాన్ని ఇవ్వరని, ఎవరూ రావద్దని కూడా హిందీలో చెప్పి పెట్టేసింది. ఆయనకు నా అనేవాళ్లు లేరు, అందుకే నా నంబరు ఇచ్చారు. నిజం చెప్పాలంటే దుఃఖం కంటే ముందు భయమే వచ్చింది. ఆ కరోనా రోజుల్లో సూరత్‌లో ఎవరి చావు కబురు విన్నా ముందు మన నుదురు మనమే తడిమి చూసుకునేవాళ్లం.

లింబాయత్‌లో మా గదుల కింద సాంచెల కార్ఖానా. ఆ మరమగ్గాల మోతకు అలమరలో గిన్నెలు వాటంతటవే జరిగేవి. కాపురానికి వచ్చిన కొత్తలో నేను చెవుల్లో దూది పెట్టుకుంటే తాత పగలబడి నవ్వారు.

"ఏంది బిడ్డా, గీ సప్పుడుకే గట్లనా? నాకు గిది లేకుంటే నిద్రే రాదు."

నవాగామ్‌లో గాలీ వెలుతురూ ఉన్న గది దొరికినా ఆయన కదల్లేదు. మొండి ముసలాయన అనుకున్నాను. వయసులో వైమానిక దళంలో పనిచేశారని తెలుసుగానీ, ఆ ఊసెత్తితే చాలు, "జర చాయ్ పెట్టు" అని మాట తప్పించేవారు.

లాక్‌డౌన్ పెట్టగానే సాంచెలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. గల్లీలో కుక్క గోక్కున్నా వినపడేది. మా ఆయన ఎవరిదో పెళ్లికని జగిత్యాల వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఓ మధ్యాహ్నం తాత తలుపు కొట్టారు. చొక్కా చెమటకు తడిసిపోయింది. జ్వరమేమోనని నేను వెనక్కి జరిగాను. ఆయన గడప అవతలే కూలబడ్డారు.

"బిడ్డా, నీ కుట్టుమిషన్ తొక్కరాదూ? బట్ట లేకున్నా మంచిదే, ఉత్తగనే తొక్కు."

తొక్కాను. ఆ టకటకల మధ్య, ఎన్నడూ చెప్పని సంగతి చెప్పారు.

మన దేశానికి జెట్ విమానాలు కొత్తగా వచ్చిన రోజులట. నేర్చుకునే కుర్రాణ్ణి, నేర్పే సారును పక్కపక్కన కూర్చోబెట్టి బెల్టులు బిగించడం తాత పని. ఆ పొద్దున కూర్చున్న కుర్రాడి మోకాలు ఊగుతూనే ఉందట.

"భయమైతుందా సాబ్ అని అడిగిన. థోడా థోడా అన్నడు. నవ్విండు."

విమానం లేచింది. నేల మీద పనిచేసేవాళ్లు తలెత్తి చూడరట. మోత మీద ఒక చెవి వేసి తమ పని చేసుకుంటారు. మోతను బట్టే మలుపు తిరిగిందో, దిగి వస్తోందో తెలుస్తుంది. ఆ రోజు మోత మధ్యలో తెగిపోయింది.

"పేలిన సప్పుడు గిట్ల ఏం రాలే. అసలు సప్పుడే లేదు. స్పానర్లు చేతుల పట్టుకొని అందరం మీదికి చూసినం. గంతల, చెట్ల ఎనుక నల్లగ పొగ లేసింది." మిషన్ చక్రం వైపే చూస్తూ అన్నారు. "ఇద్దరూ పోయిన్రు. నేను బిగించిన బెల్టు బిగించినట్టే ఉన్నదట."

నా కాలు దానంతట అదే ఆగింది.

"ఆపకు బిడ్డా!" అని అరిచారు. ఆయన అరవగా విన్నది అదొక్కసారే.

ఆ తర్వాత రోజూ తొక్కాను. పాత చీరలు చింపి గల్లీ అందరికీ మాస్కులు కుట్టాను. ఆయన గడప అవతల కూర్చుని కునికేవారు. తన భయానికి ఎన్నడూ సిగ్గుపడలేదు. "భయమైతే భయమని చెప్పాలె. కడుపుల పెట్టుకుంటె కుళ్లుతది," అనేవారు. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ఏం కాదు, ఏం కాదు అని ఊదరగొడుతున్న కాలంలో నాతో కలిసి భయపడిన మనిషి ఆయనొక్కరే. నాకు పిచ్చెక్కకుండా ఉన్నది ఆయన చలవతోనే.

మరుసటి వేసవిలో ఆయనకు జ్వరం, ఆపైన ఆయాసం. అంబులెన్సు గల్లీలోకి పట్టక మూలమలుపు దగ్గరే ఆగింది. గోడ పట్టుకుని తనే నడిచారు. నేను కొంచెం ఎడంగా వెనక వెళ్లాను. లోపల కూర్చున్నాక, సైరన్ ఆపొద్దని డ్రైవర్‌తో, "భాయ్, సైరన్ బంద్ మత్ కర్నా," అన్నారు. నా వైపు తిరిగి, "ఇనుకుంట ఉండు బిడ్డా," అన్నారు. తలుపు పడింది.

వింటూ నిలబడ్డాను. సైరన్ రైలు పట్టాల దిక్కు మళ్లింది, సన్నబడింది. ఇంతలో ఇంకో వైపు నుంచి ఇంకో సైరన్ లేచింది, దాని వెనకే మరొకటి. వాటిలో తాతది ఏదో పోల్చుకోలేక, అన్నిటికీ చెవి ఒగ్గి, ఎండలో అలాగే నిలబడిపోయాను.