నాయన దవడకు స్కానింగు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను చిత్తూరులో ప్రభుత్వ డాక్టరు ఉద్యోగం వదిలేసి, ఒక పోర్టబుల్ స్కానింగు మిషను కొనుక్కుని తిరుపతిలో సొంతంగా పని మొదలుపెట్టాను. చిన్న సూట్‌కేసంత ఉండేదది. ఏ క్లినిక్కు వాళ్ళు పిలిస్తే అక్కడికి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేదాన్ని. పైన అధికారి లేడు, సంతకాల రిజిస్టరు లేదు. నాకైతే హాయిగా ఉండేది. ఐరాల దగ్గర సేద్యం చేసుకునే మా నాయనకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

"గవర్మెంటు డాక్టరని ఊరంతా చెప్పుకున్నానే! ఇప్పుడు మిషను సంకన బెట్టుకోని ఊరూరా తిరగతావా?" అన్నాడు.

నేనూ ఆయన కూతుర్నే కదా, తగ్గలేదు. "తిరగతా నాయనా, ఏమిప్పుడు?" అన్నాను.

ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం తగ్గించేశాడు. నెలలు గడిచేకొద్దీ "ఊ", "ఊహూ"ల దాకా వచ్చింది. ఫోను చేస్తే అమ్మే ఎత్తేది. నాయన ఉన్నాడా అంటే, "ఉండాడు, తలకాయ ఊపతా ఉండాడు" అనేది. ఫోనులో తలకాయ ఊపితే నాకెలా తెలుస్తుందో వాళ్ళిద్దరికే ఎరుక. మాట్లాడకపోతే పోనీలే అని పైకి అనేదాన్ని గానీ, లోపల బాధగానే ఉండేది. చిన్నప్పుడు సైకిలు ముందు కూర్చోబెట్టుకుని, బడి వచ్చేదాకా నోరు మూయకుండా కబుర్లు చెప్పిన మనిషి ఆయన.

తిరుపతిలో నన్ను తరచూ పిలిచేవాళ్ళలో ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చినవాడు. నోరు తెరిస్తే చెవి దగ్గర టక్కుమనేవాళ్ళూ, ఆవులిస్తే దవడ పట్టేసేవాళ్ళూ ఆయన దగ్గరికి వచ్చేవారు. దవడ కీలు లోపల ఏమవుతోందో పక్కాగా చూడాలంటే అప్పట్లో రాయవేలూరో మద్రాసో వెళ్ళి ఎమ్మారై తీయించుకోవాలి. ముందుగా నా మిషనుతో చూద్దామని ఆయన ఆలోచన. చెవి ముందు జెల్లీ రాసి, ప్రోబు ఆనించి, నోరు తెరిచి మూయమంటే ఎముక తల ముందుకూ వెనక్కూ కదలడం తెర మీద కనిపిస్తుంది. దాని మీద టోపీలా కూర్చోవాల్సిన మెత్తటి బిళ్ళ జారిందా, కీలులో నీరు చేరిందా అన్నది చాలావరకు తెలుస్తుంది. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే అనుమానం: స్కానింగంటే కడుపులో బిడ్డను చూసేది కదా, దవడకెందుకని.

డాక్టరుకు ఇంకో చిక్కు వచ్చిపడింది. తినేటప్పుడు నొప్పి ఉందా అని అడిగితే పల్లెల నుంచి వచ్చినవాళ్ళు లేదనేవారు. స్కానులో చూస్తే కీలులో నీరు.

"ఏవండీ, మీవాళ్ళు డాక్టరుకు కూడా నిజం చెప్పరా?" అన్నాడు నాతో.

నాకు నవ్వాగలేదు. "సార్, మావాళ్ళు తినేది రాగిసంగటి. దాన్ని నమలరు, పులుసులో ముంచి మింగుతారు. నమిలితే ఇంట్లో ఎగతాళి చేస్తారు. చెనిక్కాయలు, అదే మీ వేరుశనక్కాయలు, తింటే నొప్పా అని అడగండి" అన్నాను. అప్పటి నుంచి ఆయన అదే అడిగేవాడు, నిజాలు బయటికొచ్చేవి. నా తెలివికి నేనే కొన్నాళ్ళు మురిసిపోయాను.

ఒక ఆదివారం కాణిపాకం వైపు క్లినిక్కులో పని చూసుకుని, మిషనుతోనే ఇంటికి వెళ్ళాను. నాయన నన్ను చూసి "ఊ" అన్నాడు. అదే పలకరింపు. మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని సంగటి తిన్నాం. ఆయన రెండు ముద్దలూ చక్కగా మింగాడు. ఒంటికేం ఢోకా లేదు, పంతమొక్కటే తగ్గలేదని లోపల తిట్టుకున్నాను.

తర్వాత అమ్మ మా చేలో కాసిన చెనిక్కాయలు ఉడకబెట్టి ముందు పెట్టింది. మాటల్లో పడితే శేరు కాయలు తినేసే మనిషి ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. ఒలిచి, గింజలన్నీ నా వైపు తోశాడు. అంతలో ఆవులించబోయి, సగంలోనే ఆపి చెంప పట్టుకున్నాడు. టక్కుమన్న శబ్దం నాకు స్పష్టంగా వినిపించింది. తిరుపతిలో పళ్ళ డాక్టరుకు పాఠం చెప్పిన నేను, సొంత ఇంట్లో ఆ ప్రశ్న అడగలేదు. సిగ్గేసింది.

"నాయనా, మంచం మీద పండుకో" అన్నాను మిషను తెరుస్తూ.

"మే, అది కడుపుతో ఉండే ఆడోళ్ళకు గదా!" అన్నాడు. చాన్నాళ్ళకు ఆయన నాతో అన్న మొదటి పూర్తి మాట అదే.

"ఉండు, తలుపేసొస్తా. ఎవురన్నా సూస్తే నీకు నెల తప్పిందంటారు" అని అమ్మ నవ్వుతూ తలుపు మూసింది.

జెల్లీ చల్లగా తగిలి ఉలిక్కిపడ్డాడు. నోరు తెరవమంటే రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరవలేకపోయాడు. తెర మీద బిళ్ళ ముందుకు జారి ఉంది. కీలులో నీరు నల్లటి చారలా కనిపిస్తోంది.

"ఎప్పట్నించి?" అని అడిగాను. ఆయన అమ్మ వైపు చూశాడు.

"నువ్వు ఉద్యోగం ఇడిసిపెట్టినప్పట్నించే. నిద్దట్లో పండ్లు కొరకతా ఉంటాడు. ఆ సప్పుడుకు నేను ఇంకో గదిలో పండుకుంటా ఉండా" అంది అమ్మ.

కోపంతో మూసుకున్నాడనుకున్న నోరు ఇన్నాళ్ళూ నొప్పితో తెరుచుకోలేదు. నాకు ఏడుపొచ్చింది.

"అయితే నా మీద కోపం లేదా నాయనా?"

"కోపమూ ఉండాది, నొప్పీ ఉండాది" అన్నాడు.

మరుసటి వారం పళ్ళ డాక్టరు దగ్గరికి రమ్మంటే బస్సెక్కి తిరుపతి వచ్చాడు. నిద్రలో పళ్ళకు తొడుక్కోవడానికి తొడుగు చేయించాలి. ఇద్దరం ఆటో ఎక్కాం. మిషను పెట్టె నా చేతిలోంచి లాక్కుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏం పెట్టె పెద్దాయనా?" అన్నాడు ఆటో అబ్బాయి.

"మా పాప డాక్టరు. ఇది ఆమె మిషను" అని మొదలుపెట్టి, క్లినిక్కు వచ్చేదాకా దాని గొప్పలన్నీ చెప్పాడు. మాట మాటకూ దవడ టక్కుమంటూనే ఉంది. డాక్టరుగా నేను మాట్లాడొద్దని చెప్పాల్సింది. చెప్పలేదు.