పులిహోర గరిటె ఆపే మధుసూదనరావు గారు

మధుసూదనరావు గారికి మనిషి ఎదురుపడితే ముందు అతని ఆరోగ్య బీమా సంగతి తెలియాలి. పేరు తరవాత తెలుసుకున్నా ఆయనకు అభ్యంతరం లేదు.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో షిఫ్టు ఇంజనీరు ఆయన. ఆ ఊరొచ్చి ముప్ఫై ఏళ్ళు, వయసు అరవై దాటింది. ఉగాది భోజనాల్లో పులిహోర వడ్డిస్తూ గరిటె గాల్లో ఆపి, "కంపెనీ తరఫునా, సొంతంగానా?" అంటారు. జవాబు వచ్చేదాకా గరిటె కిందికి దిగదు. ఒకసారి ఎవరిదో సీమంతంలో అక్షింతలు పట్టుకుని, పుట్టబోయే బిడ్డ ఎవరి బీమా కార్డు కిందికి వస్తుందని అడిగారట. భార్య ఛాయాదేవి గారు పక్కనుంచి చెయ్యి లాగితే అక్షింతలన్నీ ఆవిడ నెత్తినే పడ్డాయి. ఆయన ట్రాము ఎక్కితే ఊళ్ళో తెలుగువాళ్ళు వెనక పెట్టెలోకి మారిపోతారని చెప్పుకుంటారు.

విక్రాంత్ కూడా అలా మారేవాళ్ళలో ఒకడే. ఈ మధ్య మరీ ఎక్కువగా తప్పించుకు తిరుగుతున్నాడు. అతని సాఫ్ట్‌వేర్ కంపెనీ ఊళ్ళో ఆఫీసు ఎత్తేస్తోంది. శాశ్వత నివాసం కాగితం చేతిలో ఉంది, పాత క్లయింటు పని ఇస్తానన్నాడు. ఒకటో తేదీ నుంచి సొంతంగా చేసుకుందామనుకున్నాడు. భయమల్లా బీమా గురించే. ఇన్నాళ్ళూ సర్కారీ బీమాలో ఉన్నాడు, సగం కంపెనీ కట్టేది. ఉద్యోగం లేని అతని భార్య నవ్యశ్రీ కూడా ఆ బీమాలోనే పైసా కట్టకుండా ఉండేది. ఇప్పుడు ఆమెకు ఐదో నెల. ఒకటో తేదీ తరవాత డాక్టరు దగ్గర ఆ కార్డు చెల్లుతుందో లేదో అతనికి తెలియదు. ఒక ఏజెంటు ప్రైవేటు పాలసీ చూపించాడు. చాలా చవక, శుక్రవారంలోగా సంతకం పెట్టాలన్నాడు. మరి నవ్యశ్రీకో అంటే, "అది విడిగా చూద్దాం" అన్నాడు. ఆ 'విడిగా' విన్నప్పటినుంచీ విక్రాంత్‌కి అన్నం సహించడం లేదు. పోస్టు డబ్బా తెరవడమే మానేశాడు.

మంగళవారం సాయంత్రం ఇండియన్ షాపులోకి మధుసూదనరావు గారు రావడం చూసి, చటుక్కున బియ్యం బస్తాల వెనక్కి వంగాడు. ఆయనకు కావలసిందీ బియ్యమే.

"ఏం పడిపోయింది నాయనా?"

"ఏం లేదంకుల్."

"అయితే లేచి చెప్పు. కంపెనీయా, సొంతమా?"

ఇక దాచలేక విక్రాంత్ అక్కడే అంతా చెప్పేశాడు. ఆయన బస్తా మీద కూర్చుని చివరిదాకా విన్నారు.

"సంతకం పెట్టేశావా?"

"ఇంకా లే. శుక్రవారం పెడ్తనన్న."

"పెట్టకు. ప్రైవేటులో తలకో పాలసీ. లోపలికి పోయే గుమ్మంలో ఏనుగు పడుతుంది. బయటికొచ్చేప్పుడు చీమ కూడా పట్టదు."

మర్నాడు మధ్యాహ్నం ఫోను చేసి, గురువారం తొమ్మిదింటికి విక్రాంత్ వాళ్ళ బీమా ఆఫీసులోనే తనకేదో పనుందనీ, తోడు రమ్మనీ అన్నారు.

గురువారం విక్రాంత్ కాగితాల ఫైలు ట్రాములో ఒకసారి, మెట్ల మీద ఒకసారి జారవిడిచాడు. రెండుసార్లూ ఆవలిస్తూ ఏరి ఇచ్చింది మధుసూదనరావు గారే. లోపల ఫ్రౌ లేమాన్ అనే ఆవిడ కాగితాలన్నీ తిరగేసింది. చివరికి తేల్చిందేమంటే, ఉద్యోగం మానినా అతను ఇందులోనే కొనసాగవచ్చు. కంపెనీ కట్టే సగం కూడా తనే కట్టుకోవాలి, అది భారమే. కానీ నవ్యశ్రీ, బిడ్డా అతని బీమాలోనే ఉంటారు, విడిగా ఏమీ కట్టక్కర్లేదు. కార్డు కూడా అదే.

విక్రాంత్‌కి చాలా రోజుల తరవాత ఆకలేసింది. "మరి మీ పని అంకుల్?" అని గుర్తుచేశాడు.

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఫ్రౌ లేమాన్ నవ్వింది. ఈయనకి ఇక్కడ పనేమిటి, మా సభ్యుడే కాదు అంది. ఏడాదికి ఏడెనిమిది మందిని ఇలాగే తోడు రమ్మని తీసుకొస్తారట. నిన్న ఆఫీసు తెరవకముందే వచ్చి నిలబడి, విక్రాంత్ పేరు మీద అపాయింట్‌మెంటు తీసుకువెళ్ళారట.

తిరుగు ట్రాములో విక్రాంత్ అడిగితే గాని ఆయన చెప్పలేదు. ఈ ఊరొచ్చిన కొత్తలో తనకూ ఒకడు చవక పాలసీ చూపించాడు. సంతకం పెట్టేశారు. ఏటేటా పెరిగింది. తిరిగి సర్కారీ బీమాలోకి వద్దామని చూసేసరికి యాభై అయిదు దాటింది, ఆ వయసులో చట్టం ఒప్పుకోదు. ఛాయాదేవి గారిదీ విడి పాలసీయే.

"అప్పుడు చెప్పేవాడు లేడయ్యా. నన్ను రానివ్వకపోతే మానె, గుమ్మం దగ్గర నిలబడొద్దని ఎవరూ అనలేదుగా."

ఆ మాట పూర్తయ్యేసరికి ఆయన తల విక్రాంత్ భుజం మీదికి వాలింది, సన్నగా గురక మొదలైంది. ఆయన జేబులో ఫోను మోగితే, లేపడం ఇష్టంలేక విక్రాంతే తీశాడు. ఛాయాదేవి గారు. రాత్రి డ్యూటీ దిగిన మనిషి ఇంకా ఇంటికి రాలేదని కంగారుపడుతున్నారు.

"నా పక్కనే ఉన్నరు ఆంటీ. నిద్రవట్టింది. మీ స్టాపు ఇప్పుడే దాటిపోయింది, లేపాల్నా?"

"లేపకు నాయనా. చివరిదాకా పోయి, అదే ట్రాములో మెల్లగా వెనక్కి తీసుకురా. పిండి రుబ్బి ఉంది, ఇద్దరికీ పెసరట్లు పోస్తాను."